ఆకాశరామన్నకు ప్రవేశం లేదు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను కొత్తగూడెంలోని మా ప్రాంతీయ కార్యాలయానికి సిస్టమ్స్ ఇన్‌ఛార్జిగా వేశారు. హోదా వినడానికి బాగానే ఉంటుంది. నీ కింద ఎంతమంది పనిచేస్తారే సుగుణా అని మా పెనుబల్లి చుట్టాలు అడిగితే మాత్రం మాట మార్చేదాన్ని. నా కింద ఉన్నది ఒక కంప్యూటరు, దాని కింద ఒక బల్ల. మాది అడవి పల్లెల్లో చిన్న దవాఖానాలు నడిపే ఒక ట్రస్టు. చండ్రుగొండ వైపు నుంచి టేకులపల్లి వైపు దాకా తొమ్మిది దవాఖానాలుండేవి. వాటికీ హైదరాబాదులోని హెడ్డాఫీసుకూ మధ్య ఉత్తరాలన్నీ ఈమెయిల్ మీదే నడిచేవి. ఆ మెయిళ్లను అందుకుని, వేరుచేసి, పంపించే సర్వరు ఆ బల్ల మీది కంప్యూటరే.

సర్వరు చేతికి రాకముందు పద్నాలుగేళ్లు నేను అదే ట్రస్టులో ఇన్‌వర్డ్ గుమాస్తాను. వచ్చిన ప్రతి కాగితానికీ ముద్ర వేసి, నంబరిచ్చి, రిజిస్టరులో ఎక్కించి, సంబంధిత సెక్షనుకు పంపడం నా పని. కంప్యూటరు చదువు తరవాత నేర్చుకున్నాను, పరీక్షలు కూడా పాసయ్యాను. అయినా చెయ్యి తిరిగిన పని ఎక్కడికి పోతుంది? సర్వరును కూడా నేను ఇన్‌వర్డ్ బల్లలాగే చూసుకునేదాన్ని. ఈ కథ అంతా ఆ అలవాటు తెచ్చిన తంటానే.

మా ఏ.ఓ. గారు, అంటే పరిపాలనాధికారి, సత్తుపల్లి వైపు మనిషి. తహసీల్దారుగా పదవీ విరమణ చేసి మా ట్రస్టులో చేరారు. రెవెన్యూ శాఖ ఆయన్ని వదిలింది గానీ ఆయన రెవెన్యూ శాఖను వదల్లేదు. ఆయన దగ్గర తిరుగులేని సూత్రాలు కొన్ని ఉండేవి. వాటిలో మొదటిది, పంపినవారి పేరూ చిరునామా లేని కాగితాన్ని రిజిస్టరులో ఎక్కించకూడదు, దానిమీద చర్య తీసుకోకూడదు. ఆకాశరామన్న ఉత్తరాలతో వేగి వేగి విసిగిపోయిన మనిషి ఆయన. ఒక్క ఆకాశరామన్న తన సర్వీసులో మూడు బదిలీలు చేయించాడని చెప్పేవారు. ఎవరు రాశారో తనకు తెలుసని కూడా చెప్పేవారు, పేరు మాత్రం చెప్పేవారు కాదు. అదీ ఒక రకం ఆకాశరామన్న పద్ధతే కదా అని నేను మనసులో అనుకునేదాన్ని.

నేను చేరిన ఏడు వానాకాలంలో మా దవాఖానాల మెయిల్ పెట్టెల్లోకి లాటరీ తగిలిందనే ఉత్తరాలు కుప్పలుగా వచ్చి పడ్డాయి. లాగ్ తీసి చూస్తే, అంటే సర్వరు తన రాకపోకలన్నీ రాసుకునే చిట్టా తీసి చూస్తే, చాలావాటికి పంపినవారి గడి ఖాళీగా ఉంది. ఏ.ఓ. గారికి చూపించాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఇంకేమమ్మా, ఆకాశరామన్న కంప్యూటరు నేర్చుకున్నాడు. వాణ్ణి గడప తొక్కనివ్వకు."

నాకూ అదే సబబనిపించింది. సర్వరు నియమాల్లో ఒక వరుస చేర్చాను. పంపినవారి గడి ఖాళీగా ఉన్న ఏ మెయిలునైనా గుమ్మం దగ్గరే తిప్పి కొట్టాలి. తిప్పి కొట్టేటప్పుడు చెప్పాల్సిన వాక్యం కూడా నేనే కూర్చాను, పేరు లేని ఉత్తరాలు ఈ కార్యాలయంలో స్వీకరించబడవు అని. ఆ వాక్యం చూసుకుని రెండు రోజులు మురిసిపోయాను. లాటరీలు ఆగిపోయాయి. ఏ.ఓ. గారు నన్ను మెచ్చుకుంటూ ఫైలులో ఒక మాట రాశారు. ఎర్ర సిరాతో తప్పులు తప్ప మరేమీ రాయని మనిషి నీలం సిరా వాడారంటే చూడండి.

ఈ వృత్తి తెలియని పాఠకులకు ఇక్కడొక సంగతి చెప్పాలి. ఈమెయిలుకు కూడా కవరు వేరు, లోపలి కాగితం వేరు. మనకు తెర మీద కనబడేది లోపలి కాగితం. సర్వర్లు చూసుకునేది కవరు. ఉత్తరం చేరకపోతే, చేర్చలేకపోయిన సర్వరు పంపినవారికి ఒక వాపసు మెయిలు రాస్తుంది. దీన్నే మా భాషలో బౌన్స్ అంటాం. ఈ వాపసు మెయిలు కవరు మీద పంపినవారి గడిని కావాలనే ఖాళీగా వదిలేస్తారు. ఎందుకంటే, ఆ వాపసు కూడా చేరకపోతే దానికి మళ్లీ వాపసు, ఆ వాపసుకు ఇంకో వాపసు పుట్టి రెండు సర్వర్లూ తెల్లవార్లూ "మీదే", "కాదండీ, మీదే" అనుకుంటూ కూర్చుంటాయి. గడి ఖాళీగా ఉంటే ఎవరికి వాపసు పంపాలో తెలియక రెండోది నోరు మూసుకుంటుంది. ప్రపంచంలో మెయిలు సర్వర్లన్నీ ఒప్పుకున్న కట్టుబాటు ఇది. నేనూ చదువుకున్నదే. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

మరి ఆ ఏడాది పాటు వాపసులు ఎలా వచ్చాయి? అక్కడే ఉంది కిటుకు. అప్పుడు హెడ్డాఫీసులోనూ మా దగ్గరా ఒకే పాత ప్రోగ్రాము ఉండేది. మా సర్వరు ఉత్తరం పట్టుకుని వెళితే, హెడ్డాఫీసు సర్వరు గుమ్మంలోనే "ఆ పేరుగల మనిషి ఇక్కడ లేడు" అని చెప్పేసేది. మా సర్వరు వెనక్కి వచ్చి, వాపసు మెయిలు తానే రాసి, లోపలి నుంచి లోపలికే పెట్టెలో వేసేది. బయటి నుంచి రావడం లేదు కాబట్టి నా గుమ్మం నియమం దానికి తగల్లేదు. అంచేత అంతా సవ్యంగా ఉందనుకున్నాను. దవాఖానాల సిబ్బందికి శిక్షణ ఇచ్చినప్పుడు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను కూడా: వాపసు రాలేదంటే చేరినట్టే లెక్క. అందరూ నోటు పుస్తకాల్లో రాసుకున్నారు.

మరుసటి ఏడాది మే నెలలో హెడ్డాఫీసువాళ్లు తమ మెయిల్ ప్రోగ్రాము మార్చారు. కొత్తది మహా మర్యాదస్తురాలు. వచ్చిన ఉత్తరాన్ని గుమ్మంలో ఏమీ అనదు, "దయచేయండి" అని తీసేసుకుంటుంది. తరవాత లోపలికి వెళ్లి చూసి, ఆ మనిషి లేకపోయినా, అతని పెట్టె నిండిపోయినా, అప్పుడు వాపసు మెయిలు రాసి పంపుతుంది. మార్చినట్టు మాకు ఒక సర్క్యులరు వచ్చింది. దాని మీద ముద్ర వేసి, నంబరిచ్చి, ఫైలులో పెట్టాను. చదివానని మాత్రం చెప్పలేను.

జూన్ మొదటి వానలు పడ్డాయి. పత్తి గింజలు పెట్టే రోజులు. ఆ రోజుల్లో మా దవాఖానాలకు అన్నిటికంటే ముఖ్యమైన మందు పాము విషానికి విరుగుడు. టేకులపల్లి దాటి అడవి లోపలికి వెళితే వచ్చే మా దవాఖానాలో నర్సు సోయం భారతి. వారానికి రెండు రోజులు డాక్టరు వస్తారు, మిగతా రోజులు దవాఖానా అంటే భారతే. మందులు తగ్గితే ఇండెంటు పెట్టడం, అంటే ఏది ఎంత కావాలో స్టోరుకు రాసి పంపడం కూడా ఆమె పనే. పాము కరిచిన మనిషికి మొదటి విడతలోనే పది సీసాలు పడతాయి. ఆమె దగ్గర ఉన్నవి నాలుగు. ఇండెంటు పెట్టి రెండు వారాలైనా మందు రాలేదు. ఆమె హెడ్డాఫీసు స్టోరుకు ఫోను చేసింది. స్టోరు ఇన్‌ఛార్జి తనకు ఇండెంటే రాలేదన్నారు. మెయిలు లేకుండా సీసా కదలదని కూడా అన్నారు. ఆమె మళ్లీ పంపింది. మళ్లీ రాలేదన్నారు. మూడోసారి పంపింది.

ఈసారి స్టోరు నుంచి మా ఏ.ఓ. గారికే ఫిర్యాదు వచ్చింది, మీ నర్సు పంపని ఇండెంటును పంపానంటోంది అని. ఆయన నన్ను పిలిచి అడిగారు. అప్పుడు నేను ఏదో నెలవారీ నివేదిక హడావుడిలో ఉన్నాను. నా బల్ల దగ్గరికి వెళ్లి లాగ్ తీసి చూస్తే రెండు నిమిషాల పని. చూడలేదు. నిలబడి పెద్ద పండితురాలిలా చెప్పాను:

"పంపి ఉంటే చేరేదండీ. చేరకపోతే వాపసు వచ్చేది. రెండూ లేవంటే పంపలేదనే అర్థం."

ఆయనకు ఆ మూడు వాక్యాలూ భలే నచ్చాయి. యథాతథంగా మెమోలో దింపి, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని భారతికి పంపారు. కింద కాపీ పంపిన వాళ్ల వరసలో నా పేరు కూడా ఉంది.

మెమో అందిన రోజునే భారతి నాకు ఫోను చేసింది. కేకలేస్తుందనుకున్నాను. వేయలేదు, వేస్తేనే బాగుండేది.

"సుగుణ మేడం, నేను అబద్ధం ఆడిన్నని రాసిండ్రు. గా మాట మీరే చెప్పిండ్రట. నా కొలువు సంగతి తర్వాత సూసుకుందాం. నా దగ్గర నాలుగే సీసలున్నయ్. ఊరంత చేన్లల్లనే ఉన్నది. మీరొచ్చి ఒక్కసారి మా కంప్యూటర్ సూసిపోరాదుండ్రి."

విచారణ పేరుతో ఏ.ఓ. గారి దగ్గర ఆఫీసు జీపు అడిగాను. విచారణ అనే మాట వింటే ఆయన కాదనలేరు. మర్నాడు పొద్దున్నే బయలుదేరాను. డ్రైవరు దారి పొడుగునా ఆ నర్సమ్మ మంచిదనీ, ఊరికే మెమో ఇచ్చారనీ, ఎవరో పైవాళ్లు ఏదో చెప్పారటనీ నాకే చెప్పుకుంటూ వచ్చాడు. ఆ పైవాళ్లు పక్క సీట్లోనే కూర్చున్నారని అతనికి తెలియదు.

దవాఖానా రెండు గదులు. ఒక గదిలో మంచాలు, రెండో గదిలో మందుల బీరువా, ఫ్రిజ్, మూలన కంప్యూటరు. కంప్యూటరు మీద కుట్టుపూల గుడ్డ కప్పి ఉంది. భారతి పంపిన మెయిళ్ల పెట్టె తెరిచింది. మూడు ఇండెంట్లూ ఉన్నాయి, తేదీలతో సహా. చిరునామా అక్షరం అక్షరం సరిపోల్చాను, ఎక్కడా తప్పు లేదు.

"పంపావు, నిజమే. మరి చేరకపోతే వాపసు రావాలి కదమ్మా. రాలేదంటే చేరినట్టే," అన్నాను. ఇంకా నా సూత్రాన్ని వదిలిపెట్టలేదు చూడండి.

భారతి నా వంక చూసి నవ్వింది. "ఏంది మేడం గట్ల అంటరు! మేం ఇప్పపువ్వు ఏరనీకి అడివిల పడి పోతం. ఒకలకొకలు కనపడం. జరసేపటికోసారి కూకేస్తం. అవతలోళ్లు 'ఓ' అనాలె. 'ఓ' అంటే మంచిగున్నరని. పలకకపోతే మంచిగున్నరని అనుకుంటమా? ఏరేదంత ఆడనే పడేసి ఉరుకుతం. మీ ఆఫీసుల ఏమో పలకకపోతే మంచిగున్నట్టంట."

నేను చెప్పిన పాఠాన్ని ఆమె నోటు పుస్తకంలో రాసుకుంది. నమ్మినట్టు మాత్రం లేదు.

తరవాత ఆమే ఉపాయం చెప్పింది. "లేని మనిషికి ఒక ఉత్తరం వేయుండ్రి మేడం. వాపస్ వస్తదో రాదో సూద్దాం." పదిహేనేళ్ల ఉద్యోగంలో నాకు తట్టని పరీక్ష అది. హెడ్డాఫీసులో లేని ఒక పేరు కల్పించి, క్షేమమని తలుస్తానని ఒక ముక్క రాసి పంపాం. పాత రోజుల్లో అయితే నిమిషంలో వాపసు వచ్చేది. టీ తాగాం. పది నిమిషాలు, పావుగంట, అరగంట. పెట్టె ఖాళీ. లేని మనిషి మా క్షేమ సమాచారం అందుకుని హాయిగా కూర్చున్నట్టే ఉంది.

"ఏది మేడం, మీ వాపస్?" అంది భారతి.

జవాబు వెతుక్కునే లోపలే బయట మోటారు సైకిలు ఆగింది. ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని ఒకామెను తెచ్చారు. ముత్తమ్మ అని, పక్క గూడెం మనిషి. చేలో గింజలు పెడుతుంటే కాలి మడమ దగ్గర కరిచింది. కాలు అప్పటికే వాచింది, కళ్లు మూతలు పడుతున్నాయి. భారతి డాక్టరుకు ఫోను కలిపి, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, ఆయన చెబుతుండగానే సూది పెట్టింది. ఫ్రిజ్‌లోంచి నాలుగు సీసాలూ తీసింది. నాలుగు సీసాలు తీశాక ఆ ఫ్రిజ్ అర ఎంత ఖాళీగా ఉంటుందో నేను చూశాను. నాలుగూ ఎక్కించి, మిగతా మందు కొత్తగూడెం పెద్దాసుపత్రిలోనే పట్టాలని డాక్టరు చెప్పారు. అంబులెన్సు వచ్చేదాకా ఆగే వ్యవధి లేదు. గుమ్మంలో ఉన్నది విచారణకు వచ్చిన జీపు ఒక్కటే.

భారతి ముందు సీటు వెనక్కి వాల్చి ముత్తమ్మను పడుకోబెట్టి, సెలైను సీసా నా చేతికిచ్చింది. "దించకుండ్రి మేడం," అంది. వెనక నేనూ, ముత్తమ్మ పెనిమిటీ, భారతీ. టేకులపల్లి దాటేదాకా రోడ్డంతా గుంతలు. నా చెయ్యి తిమ్మిరెక్కింది, అయినా దించలేదు. భయం వేసింది. ఆ భయంలో సగం ముత్తమ్మ కోసం, సగం నా మూడు వాక్యాల కోసం. ఈమె పోతే ఆ మెమో కాపీ నేను ఎక్కడ ఫైలు చేయాలి?

ముత్తమ్మ పెనిమిటి చాలాసేపు నా వంకే చూసి అడిగాడు, "మీరు డాక్టరమ్మనా?"

"కాదయ్యా. దవాఖానాల ఉత్తరాలు పంపించే పని నాది," అన్నాను.

"అట్లనా. అయితే మందు జల్దీ పంపుమని ఒక ఉత్తరం రాయుండ్రి అమ్మా. ఈ నర్సమ్మ శానా దినాలసంది ఎదురుచూస్తున్నది."

ఎగతాళిగా అనలేదు, నిజంగానే అడిగాడు. భారతి కిటికీలోంచి బయటికి చూసింది.

పెద్దాసుపత్రిలో వేళకు మందు పడింది. ముత్తమ్మ గట్టెక్కింది. కాలి వాపు తీయడానికి నెల పట్టిందని తరవాత తెలిసింది. ఆ సాయంత్రమే ఆసుపత్రి మెట్ల మీద నుంచి నేను స్టోరు ఇన్‌ఛార్జికి ఫోను చేసి, మెయిలు గియిలు నాకు చెప్పకండి, సీసాలు రేపటి బస్సులో వెయ్యండి, కాగితం పూచీ నాది అన్నాను. నా గొంతులో ఏం వినబడిందో ఏమో, ఆయన ఎదురు చెప్పలేదు. మర్నాడు ఇరవై సీసాలు ఐసు పెట్టెలో వచ్చాయి.

అదే మర్నాడు పొద్దున్న లాగ్ తీశాను. రెండు నిమిషాల పని అన్నానే, నిజంగా రెండు నిమిషాలే పట్టింది. భారతి ఇండెంటు వెళ్లింది. హెడ్డాఫీసు సర్వరు "దయచేయండి" అని తీసుకుంది. తరవాత ఒక నిమిషానికి అక్కడి నుంచి ఎవరో వచ్చారు. పంపినవారి గడి ఖాళీ. దాని పక్కనే నేను రెండు రోజులు మురిసిపోయిన వాక్యం: పేరు లేని ఉత్తరాలు ఈ కార్యాలయంలో స్వీకరించబడవు. మే నెల నుంచి వాపసు మెయిళ్లన్నిటికీ అదే సత్కారం జరిగింది. చండ్రుగొండ దవాఖానాకు కట్టుగుడ్డలు రాకపోవడం కూడా అందులోనే తేలింది. వాళ్లు మాత్రం వస్తదిలే అని ఊరుకున్నారు, బోర్డు మీది పాఠం బాగా వంటబట్టించుకున్నట్టున్నారు.

హెడ్డాఫీసులో కొత్త ప్రోగ్రాము చూసే ఇంజనీరుకు ఫోను చేశాను. మాటల్లో మర్యాద ఉంది గానీ, కాసేపు మేమిద్దరం కూడా ఆ రెండు సర్వర్లలాగే మాట్లాడుకున్నాం. వాపసును మీరు తిప్పికొట్టడం తప్పని ఆయన, ముందు "దయచేయండి" అని తీసుకుని తరవాత లేదనడం తప్పని నేను. ఆయన ప్రోగ్రాము నియమం ప్రకారమే నడిచిందట. నా ప్రోగ్రాము కూడా నేను పెట్టిన నియమం ప్రకారమే నడిచింది. ఈ వరసలో ఇంకో గంట గడిచేదే. జీపులో ముత్తమ్మ పెనిమిటి అన్న మాట గుర్తొచ్చి నేనే ఆగాను. తప్పు నాదేనని చెప్పాను.

తరవాత ఆయనా మెత్తబడ్డారు. తిప్పికొట్టబడిన వాపసులన్నీ వాళ్ల సర్వరులో ఒక పెట్టెలో చేరతాయనీ, ఆ పెట్టెను తెరిచే బాధ్యత ఎవరిదో ఇంకా ఉత్తర్వులు రాలేదనీ చెప్పి, తెరిచి చూశారు. అన్నీ అక్కడే ఉన్నాయి. వాటిలో భారతి ఇండెంట్లు మూడూ, లేని మనిషికి మేం రాసిన క్షేమ సమాచారమూ ఉన్నాయి. ఇండెంట్లు చేరకపోవడానికి కారణం కూడా రాసి ఉంది. స్టోరు ఇన్‌ఛార్జి పెట్టె నిండిపోయింది. దేనితో నిండిందయ్యా అంటే, రోజూ పొద్దున్నే బంధుమిత్రులు పంపే గులాబీల శుభోదయాలతో. మూడు వారాలుగా మిగతా ఎనిమిది దవాఖానాల నుంచి ఒక్క ఇండెంటూ రాకపోతే ఆయన ఈ ఏడు అడవిలో అందరూ ఆరోగ్యంగా ఉన్నారని సంతోషించారట. నవ్వే హక్కు నాకు లేదు. నేనూ అదే సూత్రం బోర్డు మీద రాసినదాన్ని.

ఆ మధ్యాహ్నం ఏ.ఓ. గారికి ఒక నోటు పెట్టాను. కొత్త ప్రోగ్రాము మీద తోసేయడం నాకు చాలా తేలిక, ఆయనకు సర్వరుకూ సీలింగు ఫ్యానుకూ తేడా అంతగా తెలియదు. ఒక చిత్తు ప్రతి ఆ విధంగానే రాసి చింపేశాను కూడా. చివరికి పంపింది చిన్నది. ఇండెంట్లు పంపబడినవి, వాపసు మెయిళ్లు ఈ కింద సంతకం చేసినవారు పెట్టిన నియమం వల్ల తిరస్కరించబడినవి, లాగ్ చూడకుండా అభిప్రాయం చెప్పినది కూడా ఈ కింద సంతకం చేసినవారే.

ఆయన రెండుసార్లు చదివారు. "అయితే ఆకాశరామన్నను లోపలికి రానివ్వమంటావా అమ్మా?" అన్నారు, మనసు నొచ్చుకున్నట్టు.

"ఆకాశరామన్న కాదండీ. మీరు వేసిన ఉత్తరం ఇల్లు తాళం వేసుందని పోస్టుమాను వెనక్కి తెచ్చిస్తాడు. దాని మీద పోస్టుమాను తన పేరు రాసుకుంటాడా? మనం ఇన్నాళ్లూ ఆ పోస్టుమానును తరిమేశాం."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఒకసారి ఔట్‌వర్డ్ అయిన మెమోను వెనక్కి తీసుకునే పద్ధతి రెవెన్యూలో లేదన్నారు. ఉందండీ, దాన్ని బౌన్స్ అంటారు అన్నాను. చాలాసేపటికి నవ్వారు. ఎర్ర సిరాతోనే భారతి మెమో రద్దు చేసి, అదే సిరాతో నాకు ఒక మెమో ఇచ్చారు. న్యాయమే. సంజాయిషీ మూడు రోజుల్లో ఇచ్చాను.

గుమ్మం నియమాన్ని మార్చాను. గడి ఖాళీగా ఉన్న మెయిలు కూడా లోపలికి వస్తుంది, అయితే అది మా దవాఖానాల్లో నిజంగా ఉన్న మనిషికి రావాలి, లాటరీ కాకూడదు. హెడ్డాఫీసు ఇంజనీరు తన వైపు ప్రోగ్రాముకు కూడా లేదని చెప్పాల్సినది గుమ్మంలోనే చెప్పడం నేర్పారు. అది చాలదని నేను పట్టుబట్టి ఇంకో పద్ధతి పెట్టించాను. ఇండెంటు అందగానే స్టోరు ఇన్‌ఛార్జి చేత్తో తిరుగు జవాబు రాయాలి. మధ్యాహ్నానికి జవాబు రాకపోతే నర్సు ఫోను చేయాలి. జవాబులో ఏం రాయాలన్నదానికి భారతి 'ఓ' చాలంది. కార్యాలయ మర్యాదకు అది తగదని ఏ.ఓ. గారు 'అందినది' అని ఖాయం చేశారు. శిక్షణ గదిలో బోర్డు మీది వాక్యాన్ని చెరిపేయడానికి నేనే వెళ్లాను. మాసిపోని సిరాతో రాశాను కాబట్టి చివరికి బోర్డే మార్చాల్సి వచ్చింది.

ఆ తరవాత నేనూ పదవీ విరమణ చేశాను. చివరి రోజున తొమ్మిది దవాఖానాలకూ, పాత సహోద్యోగులకూ సెలవు చెబుతూ ఒక మెయిలు పంపాను. నిమిషంలో ఒక వాపసు వచ్చింది. నాకంటే ముందే విరమించిన ఏ.ఓ. గారి సొంత పాత చిరునామా ఉన్న బయటి సర్వరు నుంచి, ఆ పేరుగల మనిషి ఇక్కడ లేడని. పంపినవారి గడి ఖాళీగా ఉంది. దాన్ని నా గుమ్మం దాటించి లోపలికి రానిచ్చిన సర్వరును ఒకసారి చూసుకున్నాను. మిగతా వాళ్లెవరూ పలకలేదు. ఉద్యోగ విరమణ మెయిళ్లకు ఎవరూ పలకరు, నేనూ ఎవరికీ పలికింది లేదు.

ఈ వృత్తి నాకు నేర్పినది చెప్పాలంటే ఇంతే. ఉత్తరం వెళ్లిందనడానికి వాపసు రాకపోవడం సాక్ష్యం కాదు, అందినదనే జవాబే సాక్ష్యం. జవాబు రాకపోతే తప్పు అవతలి మనిషిదని చెప్పేముందు లేచి వెళ్లి సొంత గుమ్మం చూసుకోవాలి. అది రెండు నిమిషాల పని.

తాళాలు అప్పగించి, కంప్యూటరు ఆపబోతుంటే పెట్టెలో ఇంకో మెయిలు వచ్చి పడింది. టేకులపల్లి అవతలి దవాఖానా నుంచి. లోపల ఒకటే అక్షరం ఉంది: ఓ.